బోర్డు పేరు చూడలేదు

ల్యాప్‌టాప్ సిరీస్ పేరు ఒకటే కదా, లోపలి బోర్డు కూడా ఒకటే అయి ఉంటుందని నమ్మి లైనక్స్ కెర్నెల్‌లో ఒక ఎంట్రీ రాశాను. రాసిన దాన్ని తెలిసినవాళ్లెవరికీ చూపించలేదు. దాని వల్ల ఏ తప్పూ చేయని ఒక వ్యాపారి నా చేత నానా మాటలూ పడ్డాడు. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పిన మాట నా చెవికెక్కలేదు. ఒక షూటింగ్ యూనిట్ మిట్టమధ్యాహ్నం పని ఆపుకుని కూర్చుంది. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉండి ఇంత చిన్న విషయం దగ్గర ఎలా బోల్తా పడ్డానో నాకు నేను చెప్పుకోవాలి. ఏదీ దాచకుండా చెప్పుకోవాలి.

ఫిల్మ్‌నగర్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ ఆఫీసులో నేను సిస్టమ్స్ చూస్తాను. సినిమావాళ్ల దగ్గర కెర్నెల్‌తో పనేముందని మా చుట్టాలు అడుగుతుంటారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టిన నాడు ఇటువైపంతా బండరాళ్లూ తుప్పలేనని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు ఫిల్మ్ చాంబర్ నుంచి రామానాయుడు స్టూడియో దాకా ఏ సందులోకి తిరిగినా ఒక ఎడిట్ రూమో, సెల్లార్‌లో ఒక డబ్బింగ్ థియేటరో, కిటికీలకు నల్లతెరలు కట్టుకున్న గ్రాఫిక్స్ ఆఫీసో కనిపిస్తుంది. 2012లో ‘ఈగ’, 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చాక ఈ ఆఫీసులకు పని పెరిగింది, యంత్రాలు పెరిగాయి. న్యూక్, మాయా, హూడిని లాంటి సాఫ్ట్‌వేర్లను పెద్ద పనులకు లైనక్స్ మీద నడుపుతారు. విదేశాల్లోని పెద్ద స్టూడియోలు 2000 ప్రాంతంలో సిలికాన్ గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్లు వదిలి లైనక్స్‌కు మళ్లాయి. ఆ దారే మాకూ వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సరుకును పాతబడి నిలదొక్కుకున్న లైనక్స్ మీద పరీక్షించి ఇస్తాయి. చాలాకాలం అది సెంటాస్ 7. దాని కెర్నెల్ 3.10. 2024 జూన్ 30తో దాని ఆయుష్షు తీరింది. అంతకు ముందే మేం రాకీ లైనక్స్ 8కు మారాం. దాని కెర్నెల్ 4.18, అంటే 2018 నాటి మూలం. రాకీకి మూలమైన రెడ్ హ్యాట్ లైనక్స్ ఇంజనీర్లు కొత్త డ్రైవర్లు తెచ్చి అందులో కలుపుతూనే ఉండేవారు గానీ, వాళ్ల దృష్టి ఎక్కువగా సర్వర్ల మీద, వర్క్‌స్టేషన్ల మీద ఉండేది. మొన్న మార్కెట్లోకి దిగిన మామూలు ల్యాప్‌టాప్ వాళ్ల లెక్కలోకి అంత త్వరగా వచ్చేది కాదు. సాఫ్ట్‌వేరేమో పాత కెర్నెల్ కావాలంటుంది, యంత్రమేమో కొత్తది కావాలంటుంది. ఈ రెండిటికీ పొత్తు కుదర్చడం నా పని. పై కెర్నెల్‌లో, అంటే లైనక్స్ డెవలపర్ల అసలు తాజా కెర్నెల్‌లో, వచ్చిన చిన్న చిన్న సవరణలను దించుకుని, మా 4.18లో కలిపి, ఆఫీసు కెర్నెల్ అని ఒకటి తయారుచేసి అన్నింటికీ ఎక్కిస్తాను.

2022 చివర్లో ఔట్‌డోర్ కోసం ఒక లాట్ ల్యాప్‌టాప్‌లు కొన్నాం. సెట్‌లో కెమెరా కార్డు నిండగానే డేటా మేనేజర్ దాన్ని రెండు హార్డ్‌డిస్కుల్లోకి డంప్ చేసి, చెక్‌సమ్ సరిచూసుకుని, అప్పుడు కార్డును కెమెరా అసిస్టెంట్ చేతికి తిరిగిస్తాడు. వాళ్లు దాన్ని ఫార్మాట్ చేసి మళ్లీ వాడతారు. గ్రీన్‌మ్యాట్ షాట్ ఉంటే మా సూపర్‌వైజర్ అదే ల్యాప్‌టాప్ మీద అక్కడికక్కడ వేసి చూస్తాడు. కాబట్టి ఈ యంత్రం ఆగితే కార్డు ఆగుతుంది, కార్డు ఆగితే కెమెరా ఆగుతుంది.

ఆ లాట్‌లో ఏది తెరిచినా కీబోర్డు పనిచేయలేదు. టచ్‌ప్యాడ్ పనిచేస్తోంది. బయోస్‌లో కీలు పనిచేస్తున్నాయి. గ్రబ్ బూట్ మెనూలో బాణం కీలు నొక్కితే పైకీ కిందికీ కదులుతోంది. లైనక్స్ లేచేసరికి కీబోర్డు చచ్చిపోతోంది. పక్క మెషీన్ నుంచి నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయి ఇంటరప్టుల పట్టిక తెరిచాను. ఒకటో వరుసలో ఐ8042 అని ఉంది, దాని ఎదురుగా ప్రతి కోర్ కిందా సున్నా. ఎడమచేత్తో ల్యాప్‌టాప్ కీలు నొక్కుతూ కుడిచేత్తో మళ్లీ మళ్లీ చూశాను. అదే సున్నా. బూట్ లాగ్‌లో ఒక వాక్యం మాత్రం దొరికింది: ఐఆర్‌క్యూ 1 ఓవర్‌రైడ్ టు ఎడ్జ్, హై.

ఆ వాక్యం వెనక చాలా కథ ఉంది. ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డు చాలా వాటిలో ఇప్పటికీ 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ పద్ధతిలోనే, 8042 అనే కంట్రోలర్‌ను అనుకరిస్తూ, ఒకటో నంబరు ఇంటరప్ట్ లైను (ఐఆర్‌క్యూ 1) మీద ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ లైను మీద వోల్టేజీ పైకి లేస్తే పిలుపనుకోవాలా, కిందికి పడితేనా? మారిన క్షణాన్ని పట్టుకోవాలా, ఆ స్థితి ఉన్నంతసేపూ పిలుస్తున్నట్టేనా? పాత పీసీల్లో వోల్టేజీ పైకి లేచే క్షణమే పిలుపు, ఎడ్జ్, హై అంటే అదే. ఇప్పటి యంత్రాల్లో ఈ సంగతిని తయారీదారు డీఎస్‌డీటీ అనే పట్టికలో రాసిపెడతాడు. 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రమాణం ఈ ఏర్పాటు చేసింది. అయితే ఈ పట్టికలను విండోస్ మీద పరీక్షించి వదిలేయడం పరిశ్రమ అలవాటు. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, నువ్వు విండోస్‌వేనా అని ఫర్మ్‌వేర్ అడిగితే లైనక్స్ కెర్నెల్ ఔననే జవాబిస్తుంది. కాదంటే ఎవరూ పరీక్షించని దారిలోకి పోవాల్సి వస్తుంది. పాతకాలపు ఇంటరప్టుల విషయంలో కెర్నెల్ ఈ పట్టిక మాటను చాలా ఏళ్లుగా పక్కనపెట్టి, పాత పీసీ పద్ధతినే అమలుచేసేది. లాగ్‌లోని ఓవర్‌రైడ్ ఇదే. మా ల్యాప్‌టాప్‌లో మాత్రం పట్టిక నిజమే చెబుతోంది, లైను కిందికి ఉన్నంతసేపూ పిలుపేనని. కెర్నెల్ ఆ మాట తోసిపుచ్చి, పైకి లేచే క్షణం కోసం కాచుకుని కూర్చుంది. కీ నొక్కినట్టు దానికి ఎప్పటికీ తెలియదు.

ఇలాంటప్పుడు కెర్నెల్ చేసే ఏర్పాటును క్విర్క్ అంటారు. యంత్రం ఆన్ కాగానే ఫర్మ్‌వేర్ డీఎంఐ అనే సమాచారం ఇస్తుంది: తయారీదారు పేరు, ఉత్పత్తి పేరు, బోర్డు పేరు, బయోస్ తేదీ. ఫలానా పేర్లున్న యంత్రమైతే ఫలానా విధంగా నడుచుకో అని కెర్నెల్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఐఆర్‌క్యూ 1 విషయంలో డీఎస్‌డీటీనే నమ్మమని చెప్పే అలాంటి పట్టిక 2021లో మెడియన్ ల్యాప్‌టాప్‌లతో మొదలైంది. 2022లో ఆసుస్ వివోబుక్‌లు చేరాయి. కె3402జెడ్‌ఏ, కె3502జెడ్‌ఏ, ఎస్5402జెడ్‌ఏ, ఎస్5602జెడ్‌ఏ అంటూ ఒక్కో బోర్డు పేరుకు ఒక్కో ఎంట్రీ. సౌండ్ డ్రైవర్లలో, బ్యాక్‌లైట్ కోడ్‌లో, తెర అడ్డం తిరిగిందా నిలువా అని చూసే చోట కూడా ఇలాంటి పట్టికలే. చూడ్డానికి అందంగా ఉండవు. కానీ ప్రతి ఎంట్రీ వెనకా తన యంత్రం పనిచేయక కుస్తీపట్టిన మనిషి ఒకరుంటారు. వాళ్లంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

గౌరవం ఉన్నా వాళ్లలా చేయలేదు. పై కెర్నెల్ నుంచి ఆ పట్టికను దించుకుని మా లాట్ కోసం ఒక ఎంట్రీ కలిపాను. బోర్డు పేరు రాయాల్సిన చోట సిరీస్ పేరు రాశాను. డీఎంఐ మ్యాచ్ మామూలుగా మొత్తం పేరును పోల్చదు. ఇచ్చిన ముక్క ఆ పేరులో ఎక్కడైనా కనిపిస్తే చాలు, సరిపోయిందంటుంది. అచ్చంగా అదే పేరు కావాలంటే దానికి వేరే మ్యాచ్ ఉంది. ఈ తేడా నాకు తెలియంది కాదు. సిరీస్‌లోని వేరే మోడళ్లు కొన్నా మళ్లీ ఈ బాధ పడనక్కర్లేదని కావాలనే అలా రాశాను. షూటింగ్‌లో మేనేజర్ ‘పోలీస్ డ్రెస్ రండి’ అని కేకేస్తే ఖాకీ వేసుకున్న కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులంతా లేచి వస్తారు, డైలాగ్ ఉన్నవాడు ఎవరో ఆ కేకకు తెలియదు. నా ఎంట్రీ కూడా అలాంటి కేకే. పక్కనే ఉన్న ఎంట్రీలన్నీ బోర్డు పేరు పెట్టి ఎందుకు పిలుస్తున్నాయని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. వాళ్లకు సిరీస్ పేరు రాయడం చేతకాక కాదు కదా. ఆ ప్రశ్నే నాకు రాలేదు.

కీబోర్డు పనిచేసింది. ఆ రాత్రి మా మేనేజర్ అందరి ముందూ నా భుజం తట్టాడు.

ఆ ప్యాచ్‌ను కెర్నెల్ మెయింటెయినర్లకు ఎందుకు పంపలేదో కూడా చెప్పుకోవాలి. తీరిక లేదని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తీరిక లేకపోవడం నిజమే గానీ, అది అసలు కారణం కాదు. పంపితే కింద నా పేరు పెట్టి, ఇది నాదే, దీనికి నాదే పూచీ అని సంతకం చేయాలి. డీఎంఐ వివరాలు, ఏసీపీఐ పట్టికల నకలు, ప్యాచ్‌కు ముందూ తర్వాతా బూట్ లాగ్ చూపించమని అడుగుతారు. సిరీస్ పేరెందుకు రాశావు, ఇందులోని మిగతా మోడళ్లు చూశావా అని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని లోలోపల నాకు తెలుసు. సినిమా ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాడికి ఇదంతా ఎందుకంటారేమోనన్న బెరుకు ఒకటి. మా ఆఫీసులో ఇది నాకొక్కడికే తెలుసన్న గర్వం ఇంకొకటి. ఈ రెండూ కలిసి నా నోరు కట్టేశాయి.

కంప్యూటర్ నేను నేర్చుకున్న తీరు ఇది కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు కాలేజీల్లో లైనక్స్ ఎక్కించే కార్యక్రమాలు పెడుతుండేవారు. అక్కడే నాకు ఇదంతా అబ్బింది. ఒక్కొక్కరూ తమ యంత్రం తెచ్చేవారు. ఒకదానికి వైఫై రాదు, ఒకదానికి సౌండ్ రాదు, ఒకటి మూత మూస్తే మళ్లీ లేవదు. ఎక్కించాక దాని కీబోర్డు మీద ఏదైనా టైప్ చేసి, ఒక పాట మోగించి, మూత మూసి తెరిచి చూసి, అప్పుడే యజమాని చేతికిచ్చేవాళ్లం. ప్రతి యంత్రాన్నీ చేత్తో ముట్టుకుని చూడకుండా అప్పగించేవాళ్లం కాదు.

మరుసటి ఏడాది అదే సిరీస్‌లో ఇంకో లాట్ కొన్నాం. ప్రాసెసర్ తరం మారింది, డబ్బా మీద పేరు మాత్రం మారలేదు. ఈసారి ఒక్క ల్యాప్‌టాప్ ముందు కూడా నేను కూర్చోలేదు. నెట్‌వర్క్ నుంచి ఆఫీసు ఇమేజ్ దానంతటదే ఎక్కేలా పెట్టి, మిగతా అమరికంతా నా కుర్చీలోంచే దూరం నుంచి లాగిన్ అయి పూర్తిచేశాను. లాట్ మొత్తంలో ఎవరూ ఒక్క కీ కూడా నొక్కకుండానే యంత్రాలు సెట్‌కు వెళ్లిపోయాయి.

శంకర్‌పల్లి వైపు షూటింగ్. మా కుర్రాడు యూనిట్‌తో ఉన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. కీబోర్డు పనిచేయడం లేదు, డిస్క్ పాస్‌వర్డ్ కొట్టడానికే రావడం లేదన్నాడు. మా డిస్కులన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటాయి. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే అందులో పెద్ద భాగం బయటికి పొక్కిన తర్వాత ఫుటేజీ విషయంలో నిర్మాతల భయం అంతా ఇంతా కాదు. ఎక్కడినుంచో బయటి కీబోర్డు ఒకటి తెచ్చి పెట్టారు. దాంతో పాస్‌వర్డ్ పడింది. లాగిన్ తెర దగ్గరికి వచ్చేసరికి అదీ ఆగిపోయింది. నమోదు చేసిన హార్డ్‌డిస్కులు తప్ప యూఎస్‌బీలో ఇంకేది పెట్టినా పనిచేయకూడదని కట్టడి పెట్టింది నేనే. అక్కడ ఇద్దరు కెమెరా అసిస్టెంట్లు నిండిన కార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖాళీ కార్డు లేక కెమెరా ఆగింది.

అప్పుడు ఆ కుర్రాడు ఫోన్‌లో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘అన్నా, గ్రబ్‌లో బాణాలు కదులుతున్నాయి. కీబోర్డు బాగానే ఉన్నట్టుంది, మన కెర్నెల్లోనే ఏదో ఉందేమో చూడన్నా.’

కిందటేడు నేను చూసిన లక్షణమే అది, ఇసుమంత తేడా లేదు. ఆ మాట వినగానే నాకు అంతా తట్టి ఉండాలి. కానీ నా బుర్ర తిరగబడి పనిచేసింది. ఆ సమస్యను కెర్నెల్‌లో తీర్చేశాను కాబట్టి ఇది అది అయ్యే అవకాశమే లేదనుకున్నాను. ‘కెర్నెల్ సంగతి నాకు తెలుసులే, నువ్వు యంత్రం మార్చు’ అని కసిరి ఫోన్ పెట్టేశాను. పాత ల్యాప్‌టాప్ ఇచ్చి డ్రైవర్‌ను పంపాను. అది ట్రాఫిక్ దాటి అక్కడికి చేరేసరికి వెలుతురు దిగిపోయింది. ఆ పూట తీయాల్సిన గ్రీన్‌మ్యాట్ షాట్లు మిగిలిపోయాయి.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొన్నవాళ్లకు సీటీసీ అంటే తెలియందేముంది. ఆ షాపాయన మాకు ఎన్నో ఏళ్లుగా సరుకిస్తున్నాడు. ఆయన మాట నేను పూర్తిగా విననే లేదు. రీఫర్బిష్ చేసిన సరుకు అంటగట్టారని, కీబోర్డులు నాసిరకంవని, మిగిలిన బిల్లు ఇచ్చేది లేదని పదిమంది ముందు అన్నాను. ‘సార్, సీల్ మీ ఎదురుగానే కదా తీసింది’ అని మాత్రం ఆయన అన్నాడు. గొడవ పెంచలేదు. కొన్నింటికి తన డబ్బుతో కొత్త కీబోర్డులు తెప్పించి వేయించాడు. మళ్లీ అదే పరిస్థితి. ఒకదాని మదర్‌బోర్డు చూపించడానికి సర్వీస్ సెంటర్‌కు మనిషిని పంపాడు. కొత్త కీబోర్డు వేసినా పనిచేయలేదంటే తప్పు కీబోర్డుది కాదని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. నేను మాత్రం బోర్డులు కూడా పాడైనవే ఇచ్చాడని ఆయన మీద ఇంకా మండిపడ్డాను.

విషయం తేల్చింది మా కుర్రాడే. ఒకరోజు ఇంటికి వెళ్లేముందు ఆ ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశాడు. ఎడిటర్ తెరిచి తన ఊరి పేరు టైప్ చేసి, ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఆ రాత్రి ఆఫీసుకు తిరిగొచ్చి రెండు బూట్ లాగ్‌లూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఉబుంటు లాగ్‌లో ఐఆర్‌క్యూ 1ను ఎడ్జ్, హైకి మార్చినట్టు వాక్యం ఉంది. మా లాగ్‌లో ఆ వాక్యం లేదు. లేకుండా చేసింది నా ఎంట్రీయే. డీఎస్‌డీటీ విప్పి చదివాను. ఈ కొత్త బోర్డులో కూడా తయారీదారు ఒకటో లైను కిందికి ఉన్నంతసేపూ పిలుపేనని రాశాడు. అది తప్పు. బోర్డు నడిచేది పాత పీసీ పద్ధతిలోనే. ఇక్కడ పట్టిక మాట వినకపోవడమే సరైన పని, మామూలు కెర్నెల్ సరిగ్గా అదే చేస్తోంది. నా ఎంట్రీ వచ్చి పట్టికనే నమ్మమని దాని చేత తప్పు చేయించింది. మొదటి లాట్‌లో నిజం చెప్పిన పట్టికను కెర్నెల్ నమ్మలేదు. రెండో లాట్‌లో అబద్ధం చెప్పిన పట్టికను నేను నమ్మించాను. రెండు బోర్డుల మీదా సిరీస్ పేరు ఒకటే.

తర్వాత కెర్నెల్ చరిత్ర తిరగేస్తే ఇదే కథ పెద్ద ఎత్తున నడిచిందని తెలిసింది. 2022లో ఏఎండీ జెన్ ప్రాసెసర్లున్న యంత్రాలన్నింటికీ కలిపి ఓవర్‌రైడ్ మానేయాలని ఒక షరతు పెట్టారు. దాంతో చాలా కీబోర్డులు బతికాయి, కొన్ని చచ్చాయి. అలా చచ్చిన టాంగ్‌ఫాంగ్ లాంటి మోడళ్లకు ఓవర్‌రైడ్ చేసి తీరాలని ఇంకో పట్టిక పుట్టింది. 2023లో ఆ జెన్ షరతును తీసేశారు. అప్పుడు వేరే ల్యాప్‌టాప్‌ల కీబోర్డులు ఆగాయి. ఆగస్టులో దాన్ని తిరిగి తెచ్చి, కీబోర్డు, మౌస్ లైన్లు తప్ప మిగతా పాత ఇంటరప్టులకు వేరే నియమం పెట్టారు. నాకంటే ఎన్నో రెట్లు తెలిసినవాళ్లే ఇంత తడబడ్డారు. అయితే వాళ్లు పనిచేసేది అందరి కళ్లముందు. ఏది ఎందుకు పెట్టారో, ఎవరి యంత్రం ఆగిందో, ఎందుకు వెనక్కి తీశారో అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. ఎక్కడో ఒకరి కీబోర్డు ఆగితే, ఆ మనిషి ఆ మార్పును వేలుపెట్టి చూపించగలిగాడు. నా ఎంట్రీ మా ఆఫీసు సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంది. దాన్ని వేలుపెట్టి చూపించగలవాణ్ని నేనొక్కణ్నే, నేనేమో చూడదలచుకోలేదు. సిరీస్ మొత్తానికి ఒక ఎంట్రీ రాయడం ప్రతిసారీ తప్పేమీ కాదు. ఆసుస్ ఎంట్రీల్లో కొన్నింటిని తర్వాత పేరు ముందు భాగంతో కలిపేశారు. కానీ ఆ మోడళ్లు ఒక్కొక్కటిగా అదే ఫిర్యాదుతో వచ్చి, తీరు తెలిశాకే కలిపారు.

ఆ రాత్రి ఇంకో సంగతి నా కంటపడింది. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా మొదటి లాట్ బోర్డు పేరు అప్పటికే పై కెర్నెల్ పట్టికలో చేరి ఉంది. వేరే దేశంలో ఎవరో అదే ల్యాప్‌టాప్ కొని, అదే సున్నా చూసి, అదే వాక్యం వెతికి, నాకంటే కొన్ని నెలలు ఆలస్యంగా జవాబు కనుక్కుని, సరైన బోర్డు పేరుతో రాసి పంపారు. నేను పంపి ఉంటే ఆ మనిషికి ఆ పాట్లు తప్పేవి. వాళ్లు పంపినదాన్ని నేను చూసి ఉంటే మాకు ఈ పాట్లు తప్పేవి.

కీబోర్డు ఆగడం చిన్న నష్టమే. 2013 జనవరిలో శాంసంగ్ ల్యాప్‌టాప్‌ల ఉదంతం బయటపడినప్పుడు నేను ఇదే పనిలో ఉన్నాను. ఆ ల్యాప్‌టాప్‌ల కోసం రాసిన డ్రైవర్ ఒకటి యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ అయిన యంత్రాల మీద నడిస్తే, కొన్ని మళ్లీ ఆన్ కాకుండా పోయాయి. పాత బయోస్ నాటి అంచనాను కొత్త ఫర్మ్‌వేర్‌కూ వర్తింపజేయడంతో మొదలైంది అది. లోతుగా చూస్తే లోపం ఫర్మ్‌వేర్‌లోనే ఉందని, విండోస్ నుంచి కూడా అలా చంపవచ్చని మాథ్యూ గారెట్ తర్వాత చూపించాడు. ఏదేమైనా యూఈఎఫ్‌ఐ యంత్రాల మీద ఆ డ్రైవర్ నడవకుండా కెర్నెల్‌లో కట్టడి పెట్టారు. ఇదంతా తెలిసినవాణ్ని నేను. చూడని బోర్డు గురించి మాట్లాడితే ఏమవుతుందో తెలిసే మాట్లాడాను.

మర్నాడు సీటీసీకి వెళ్లి, ఆయన్ని ఎంతమంది ముందు అన్నానో దాదాపు అంతమంది ముందే తప్పు నాదని చెప్పాను. ఆగిన బిల్లు ఇప్పించాను. కొత్త కీబోర్డుల డబ్బు నా జేబులోంచి ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు, టీ తెప్పించాడు. ‘పోనీలెండి సార్’ అన్నాడు గానీ, మునుపటంత చనువుగా మాత్రం మాట్లాడటం లేదు. అది నేను చేజేతులా పోగొట్టుకున్నది. కుర్రాడికి క్షమాపణ చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే అతను ఏమీ అనలేదు. ఫోన్‌లో కసిరినందుకు చెప్పాను, విననందుకు చెప్పాను. ‘ఫర్వాలేదన్నా, ఇప్పుడు ఆ ఎంట్రీ తీసేద్దామా’ అని అడిగాడు. ఇద్దరం కూర్చుని తీసేశాం. బోర్డు పేరున్న అసలు ఎంట్రీని పై కెర్నెల్ నుంచి దించాం. రెండు లాట్‌లలోని ప్రతి ల్యాప్‌టాప్ తెరిచి, కీలు నొక్కి చూశాం.

ఇప్పుడు అతని బల్ల మీద ఒక చిన్న చవక ల్యాప్‌టాప్ ఉంది. హెడ్‌ఫోన్ పెడితే మైకు పనిచేయదు. కారణం అతనే పట్టుకున్నాడు, సవరణా రాశాడు. కానీ ఆ యంత్రం డీఎంఐలో బోర్డు పేరు ఉండాల్సిన చోట ‘డిఫాల్ట్ స్ట్రింగ్’ అని ఉంది. తయారీదారు అసలు పేరు నింపనే లేదు. అలాంటి పేరుతో ఎంట్రీ రాస్తే ఇంకెన్ని రకాల యంత్రాలకు తగులుతుందో చెప్పలేం. జీపీడీ అనే చిన్న ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇదే ఇబ్బంది వస్తే, తెర దిశ సరిచేసే కోడ్‌లో బయోస్ తేదీలు కూడా చేర్చి గుర్తుపట్టారు. ఆ ఎంట్రీ అతనికి చూపించాను. మన దగ్గరున్నది ఒక్కటే యంత్రం, ఒక్కటే తేదీ, ఇది చాలదన్నాడు. అప్పటినుంచి అలాంటిది ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని కృష్ణానగర్ ఎడిట్ రూముల్లో అడుగుతూ తిరుగుతున్నాడు. యూసుఫ్‌గూడలో ఒక సౌండ్ ఇంజనీర్ దగ్గర ఉందట. ఆదివారం ఆయన ఖాళీగా ఉంటానన్నాడు. ఇద్దరం వెళ్లి దాని బయోస్ తేదీ రాసుకోవాలి, మైకు పెట్టి చూడాలి.